యాభై ఏడు మంది సభ్యులు

సిరిసిల్లలో చెస్ సంఘం ఒకటి ఉందని సిరిసిల్లలోనే చాలామందికి తెలియదు. పదకొండేళ్లుగా దానికి కార్యదర్శి జలపతి అని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. ఊళ్లో సాంచాలని పిలిచే మరమగ్గాలను బాగుచేయడం ఆయన పని. సాంచా ఆగితే చాలు, ఆయనకు కబురొచ్చేది. చెస్ కోసం మాత్రం ఆయన్ని పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. పెళ్లి పత్రికల్లో తన పేరు కింద ‘చెస్ సంఘం కార్యదర్శి’ అని వేయించమని తనే అడిగి వేయించుకునేవాడు. అడిగి వేయించుకున్నదాన్ని చూసి తనే మురిసిపోయేవాడు కూడా.

సంఘం పెట్టిన కొత్తలో పంతొమ్మిది మంది సభ్యులుండేవారు. క్యారమ్స్ బల్ల కూడా కొంటారని ఆశపడి చేరినవాళ్లే వాళ్లలో సగం. నాలుగేళ్లకు పదకొండు మంది మిగిలారు. తర్వాత ఆరుగురు. 2011 వచ్చేసరికి నలుగురు: జలపతి, ఆయన బావమరిది, మందుల దుకాణం నడిపే పెద్దాయన ఒకరు, మానేరు వంతెన అవతల తంగళ్ళపల్లి నుంచి అక్షిత అనే పిల్ల. “నీ సంగమంత మన గడంచె మీద పడతది. ఇంక నాకు కూసోను జాగ గూడ ఉంటది” అనేది భార్య జమున, మంచం వైపు చూపిస్తూ.

నలుగురిలో ఆట నిజంగా వచ్చింది అక్షితకే. ఆమె తల్లి వెంకటవ్వ బీడీలు చుట్టేది. ఆదివారమైతే ఆ పిల్ల సైకిలు తొక్కుకుంటూ వచ్చి, జలపతి ఇంటి అరుగు మీద చెస్ బల్ల పెట్టుకుని, తనతో తనే రెండువైపులా ఆడుకునేది. డిసెంబరు వస్తే పదమూడు నిండుతాయి. పదమూడేళ్లలోపు ఆడపిల్లల రాష్ట్ర పోటీకి వెళ్లాలంటే అదే ఆఖరి ఏడు. పదిమంది కూడా లేని చిన్న సంఘాలకు జిల్లా సంఘం ఒక వెసులుబాటు ఇచ్చింది. పోటీలేవీ పెట్టకుండానే కార్యదర్శి ఒకరి పేరు పంపవచ్చు. అంటే జలపతి చేయాల్సిందల్లా ఒక కాగితం మీద అక్షిత పేరు రాసి సంతకం పెట్టడమే. ఆ కాస్త పని కూడా ఆయన చెడగొట్టాడు.

ఎలాగంటే, అవి సకల జనుల సమ్మె రోజులు. బడుల్లేవు, బస్సుల్లేవు. చౌరస్తాలో దీక్షా శిబిరం నడుస్తోంది. రోజుకో కుల సంఘమో, కార్మిక సంఘమో వచ్చి పొద్దున దండలు వేసుకుని కూర్చోవడం, సాయంత్రం నిమ్మరసం తాగి లేవడం. శిబిరం బాధ్యత చూసే పోశం కల్లుగీత కార్మికుడు, మొహమాటం లేని మనిషి. “జలపతన్నా, అన్ని సంగాలు కూసున్నయి. మీ చెస్సోళ్లు ఇంక తెలంగాణల లేరా?” అని నలుగురిలో అడిగేశాడు. జలపతికి రోషం వచ్చింది. బ్యానర్ రాయించాడు. నలుగురే కూర్చుంటే పరువు పోతుందని సాంచాల షెడ్లన్నీ తిరిగి బతిమాలాడు. ఆ రోజు చెస్ సంఘం బ్యానర్ కింద సాంచాల పనివాళ్లు, గీత కార్మికులు, బీడీలు చుట్టే ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. దీక్ష పుస్తకంలో యాభై మూడు కొత్త సంతకాలు పడ్డాయి.

సరిగ్గా అదే వారం జాతీయ సమాఖ్య నుంచి జిల్లా మీదుగా ఒక కాగితం వచ్చింది. దేశమంతా చెస్ సభ్యత్వం పెరుగుతోందనీ, మీ దగ్గర పరిస్థితి ఏమిటో తెలపమనీ. జలపతి బుద్ధి గడ్డి తింది. దీక్షకు సంతకం పెట్టినవాళ్లు చెస్‌కు పెట్టినట్టు కాదా అని తనకు తానే న్యాయం చెప్పుకుని, యాభై మూడు పేర్లూ ఎక్కించి, మొత్తం సభ్యులు యాభై ఏడు అని రాసి పంపాడు. జిల్లాలో ఇంత పెద్ద సంఘం ఇంకోటి లేదు. రెండు రోజులు ఆయన నేల మీద నడవలేదు.

మూడో రోజు జిల్లా సంఘం నుంచి జవాబొచ్చింది. అభినందనలు. యాభై దాటిన సంఘం పెద్ద సంఘం కాబట్టి నేరుగా పేరు పంపడం కుదరదు. పోటీ పెట్టాలి. సభ్యుల్లో సగం మంది, అంటే ఇరవై తొమ్మిది మంది, ఆడి తీరాలి. రాష్ట్రానికి వెళ్లే పిల్ల వాళ్లందరిలో మొదట నిలవాలి. వచ్చే ఆదివారం పరిశీలకుడు వస్తాడు. అంతమంది ఆడకపోతే ఈ ఏడు సిరిసిల్ల నుంచి ఎవరూ లేనట్టే.

వెంకటవ్వకు చెప్పక తప్పలేదు. ఆమె చేతిలోని బీడీ ఆకు కింద పెట్టింది. “అన్నా, నా పిల్ల పేరు ఒక్కటి రాయిమంటే, ఊరందరి పేర్లెందుకు రాసినవే?” అంది. గొప్ప కోసం అని చెప్పడానికి జలపతికి నోరు రాలేదు.

ఇక ఆ వారమంతా దీక్షా శిబిరంలోనే చెస్ బడి. ఆకలితో పొద్దుపోక కూర్చున్నవాళ్లకు నేర్పింది అక్షితే. జలపతి పక్కన నిలబడి, అన్నీ తెలిసినవాడిలా తల ఊపేవాడు. పోశానికి రాజు సంగతి బొత్తిగా నచ్చలేదు. “ఒక్కడుగు కంటే ఎక్కువ నడువనోడు, వీని కోసం గింత మంది సావాల్నా?” అన్నాడు. బంటు అవతలి గట్టుకు చేరితే మంత్రి అవుతుందని అక్షిత చెప్పినప్పుడు మాత్రం శిబిరమంతా ముందుకు జరిగి విన్నది. “గదీ ఆటంటే” అన్నాడు పోశం.

ఆదివారం నాడు మానేరు వంతెన దగ్గర రాస్తారోకో. జనమంతా అక్కడే ఉంటారు కాబట్టి పోటీ కూడా అక్కడికే వెళ్లింది. ఒకవైపు రోడ్డు మీద వంటావార్పు, జమున చేతిలో గంటె. ఇంకోవైపు తారు మీద సుద్దముక్కతో గీసిన గళ్లు. బంట్లకు చింతగింజలు, గుర్రాలకు సోడా మూతలు. కరీంనగర్ నుంచి బండి మీద వచ్చిన పరిశీలకుడు దావీదు, ఆగిపోయిన లారీల మధ్యనుంచి బండి తోసుకుంటూ చేరాడు. చెమట తుడుచుకుని, కూర్చున్నవాళ్లను లెక్కపెట్టాడు. ఇరవై ఎనిమిది.

జలపతి లారీల సందుల్లో వెతికాడు. కొందరు గొల్లపల్లి చుట్టాలింటికి పోయారట. ఇద్దరిని పోలీసులు ముందు రోజే తీసుకుపోయారట. మందుల దుకాణం పెద్దాయనకు మోకాళ్ల నొప్పి.

“ఒక్కరు తక్కువున్నరు. మీరు కూసోండ్రి మరి” అన్నాడు దావీదు.

“పోటీ నడిపే కార్యదర్శి ఆడద్దు సార్. మా సంగం రూలు.”

“ఎవరు రాసిండ్రు ఆ రూలు?”

రాసింది జలపతే. సంఘం పెట్టిన ఏడాది చిన్నపిల్లల చేతిలో కూడా వరసగా ఓడిపోయి, ఆ ముచ్చట ఊరికి తెలియకూడదని రాసుకున్నాడు. పదకొండేళ్లు ఆ రూలు చాటునే బతికాడు. చుట్టూ చూస్తే అక్షిత సుద్ద గళ్ల ముందు బాసిపట్లు వేసుకుని కూర్చుని, ఎదురుగా ఖాళీగా ఉన్న చోటునే చూస్తోంది. వెంకటవ్వ చూపు మాత్రం తిన్నగా ఆయన మీదే ఉంది.

జలపతి కాగితం అడిగి, మోకాలి మీద పెట్టుకుని రాజీనామా రాశాడు. వద్దని ఎవరైనా అంటారేమోనని కాసేపు చేయి చాచే ఉంచాడు. ఎవరూ అనలేదు. దావీదు తీసుకుని, “మంచిది. ఎవరికి అప్పజెప్తున్నరు?” అన్నాడు.

జమున గంటె పక్కన పెట్టింది. “నాకియ్యుండ్రి సార్. నలుగురిని పిలిచి కూసోబెట్టుడు నాకు రాదా.”

జమున చేరికతో సభ్యులు యాభై ఎనిమిది అయ్యారు. సగం ఇరవై తొమ్మిదే. దావీదు మరోసారి లెక్క చూసుకుని తలూపాడు, బేసి సంఖ్య కాబట్టి ఒకరిని మొదటి రౌండుకు పక్కన ఉండమన్నాడు.

జలపతి అక్షిత ఎదుట చతికిలబడ్డాడు. పిల్లకు దారి ఇవ్వాలి గదా, కొంచెం నెమ్మదిగా ఓడిపోదామని పెద్దమనసుతో అనుకున్నాడు. ఆ అవకాశం ఆయనకు దొరకలేదు. పదకొండో ఎత్తుకు రాజు కదలడానికి గడి లేదు. ఇంకా తన మంత్రి ఎటు పోయిందా అని వెతుకుతూనే ఉన్నాడు. చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. ఆయనకు సిగ్గేసింది. ఆ సిగ్గు తాను ఇన్నేళ్లూ భయపడ్డంత పెద్దదేమీ కాదు. చాలాకాలానికి ఎవరితోనో ఆడినందుకు ఒళ్లు తేలికైంది, సంతోషమేసింది.

“ఇంకొక్కటి ఆడుదామా బిడ్డా?”

“లేదు కాకా. నాకింక నాలుగు రౌండ్లున్నయి” అంది అక్షిత, చింతగింజలు మళ్లీ పేర్చుకుంటూ. “నువ్వు పోయి పోశమన్నతోటి ఆడు. ఆయన గూడ ఓడిండు.”