భూపాలపల్లిలో నా పేరు మూడుసార్లు పిలిచారట

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు జనగామ స్టేషన్‌లో మహబూబాబాద్‌కు జనరల్ టికెట్ తీసుకున్నాను. అరవై రూపాయలు. భూపాలపల్లికి వెళ్లాల్సినదాన్ని అటెందుకు వెళ్లానంటే, నా వికలాంగుల సర్టిఫికెట్ అటువైపు తండాలో, మా ఇంట్లో ఉంది. జనగామ హాస్టల్లో ఎవరి కంటనైనా పడుతుందని నేనే దాన్ని ఇంట్లో బియ్యం డబ్బా వెనక దాచి వచ్చాను. నాకు చెవులు సరిగా వినపడవు. ఎదుటివాళ్ల పెదాలు చూసి సగం, ఊహించి సగం నెట్టుకొస్తాను. డిగ్రీ మొదటి సంవత్సరం అయిపోవస్తున్నా మా గదిలో అమ్మాయిలకు ఈ సంగతి తెలియదు. తెలియదని నా నమ్మకం.

భూపాలపల్లిలో ఒక ట్రస్టువాళ్లు వికలాంగ విద్యార్థుల చదువుకు సాయం చేస్తున్నారని తెలిసి దరఖాస్తు పంపాను. శనివారం పదకొండు గంటలకు ఇంటర్వ్యూకు రమ్మని, అసలు కాగితాలన్నీ తెమ్మని ఉత్తరం వచ్చింది. ఎంపికైతే చెవి మిషన్ కొనిస్తారు, డిగ్రీ అయ్యేదాకా ఖర్చులు చూసుకుంటారు. కాకపోతే వచ్చే ఏడు నాకు కాలేజీ లేదు, యాడి వెంట మిర్చి ఏరడానికి పోవాల్సిందే. యాడి అంటే మా తండా భాషలో అమ్మ.

రైలు రద్దీగా ఉంది. కాజీపేట దాటాక పక్కన నిలబడ్డ అవ్వ ఏదో అడిగింది. "మానుకోట" అన్నాను, మహబూబాబాద్‌ను మా దగ్గర అలాగే అంటారు. మళ్లీ అడిగింది. "డిగ్రీ" అన్నాను. ఆమె మనవరాలు నా భుజం తట్టి, "జర జరుగుమంటున్నది అక్కా" అంది. జరిగాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కేసముద్రం దాటేదాకా తల ఎత్తితే ఒట్టు.

మూడున్నరకు దిగి, నెల్లికుదురు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో తండాకు చేరేసరికి ఐదు దాటింది. రేపు తానూ వస్తానంది యాడి. ఒక్కదాన్నే రమ్మన్నారని చెప్పాను. అబద్ధం. ఆమె వస్తే నాకు వినపడాలని నలుగురిలో గట్టిగా అరిచి చెబుతుంది, అందరూ తిరిగి చూస్తారు. ఆమె నమ్మింది. తెల్లవారకముందే లేచి జొన్నరొట్టెలు, మిరపకాయ తొక్కు కట్టిచ్చింది.

మహబూబాబాద్ బస్టాండులో ఆరుంబావుకు హన్మకొండ బస్సు దొరికింది. ఆడవాళ్లకు డబ్బులు కట్టక్కర్లేని జీరో టికెట్టే, ఆధార్ కార్డు చేతిలో ఉంచుకుంటే చాలు. ఎనిమిదిన్నరకు హన్మకొండ. వెళ్లేవాళ్లు టిఫిన్ అక్కడే కానివ్వండి, ఆ తర్వాత బస్సు ఎక్కడా ఎక్కువసేపు ఆగదు. పరకాల దాటాక బొగ్గు లారీల వెనక నత్తనడక. పదీ నలభైకి భూపాలపల్లిలో దిగాను. ఇంటర్వ్యూ జరిగే ఫంక్షన్ హాలుకు ఆటోలో ఇరవై రూపాయలు.

తలుపు దగ్గరే నా కాళ్లు ఆగిపోయాయి. లోపల ముప్పై మంది దాకా ఉన్నారు. చక్రాల కుర్చీలో ఒక అబ్బాయి, తండ్రి చెయ్యి పట్టుకున్న చూపులేని పిల్ల, చంక కర్రలవాళ్లు. వీళ్లతో పాటు నేనా అనిపించింది. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నా ముఖం మీద నాకే ఉమ్మాలనిపిస్తోంది.

కాపలా ఉన్న పెద్దమనిషి నా ముఖంలోకి చూసి, "ఎవరి తోని వచ్చినవ్ బిడ్డా?" అని అడిగాడు. పొద్దటి నుంచి ఆ ఒక్క ప్రశ్నే నాకు స్పష్టంగా అర్థమైంది. నా ముందే కర్రల సాయంతో లోపలికి పోతున్న ఒక అమ్మాయిని చూపించి, "ఆ అక్క తోని" అన్నాను.

"తోడొచ్చినోళ్లు ఎనక కూసోండ్రి" అన్నాడు.

వెనక్కి పోయి కూర్చున్నాను. పైన ఫ్యాను గడగడలు, ముందు బల్ల దగ్గర మాట్లాడేవాళ్ల పెదాలు కనపడవు. కాసేపటికి ఆ కర్రల అమ్మాయే గాలికోసం నా పక్క కుర్చీకి వచ్చింది. వాళ్లది కాటారం, హన్మకొండలో చదువుతోందట. అంతవరకు పట్టుకోగలిగాను. మిగతా మాటలకు తల ఊపాను. రొట్టె పెడితే తింది. పన్నెండింటికి లోపలికి పోయి వచ్చి మళ్లీ నా పక్కనే కూర్చుంది. నా పేరు ఇప్పుడొస్తుంది, అప్పుడొస్తుందని నేను చూస్తూనే ఉన్నాను. ఒంటిగంటన్నరకు హాలు ఖాళీ అయింది. బల్ల మీది కాగితాలు సర్దుతున్నారు.

పరుగున పోయి పేరు చెప్పాను. అక్కడి సారు లిస్టు చూశాడు. "మూడుసార్లు పిలిచినం గదమ్మా. ఏడబోయినవ్?"

"బస్సు లేటయింది సార్" అన్నాను.

చేతిలో సర్టిఫికెట్ ఉంది. వినపడదని అందులో ముద్రేసి ఉంది. వినపడనివాళ్లకు సాయం చేసే మనిషి ముందు నిలబడి కూడా నా నోట ఆ మాట రాలేదు.

"లేటైతే మేమేం జేస్తం? అయిపోయింది" అంటూ ఆయన లేచాడు.

కర్రల అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది. "లేదు సార్, పదకొండుకు ముందే వచ్చింది. ఈమెకు ఇనపడది. మాట్లాడుతుంటే పొద్దటి సంది నా నోరే చూస్తున్నది."

ఇంతలో కాపలా పెద్దమనిషి దగ్గరికొచ్చాడు. "గిదేంది? నీకు తోడొచ్చిన అన్నది గదా" అని ఆమెనే అడిగాడు.

ఆమె నా వైపు చూసింది. నేల చీలితే దిగిపోదును. తర్వాత ఆమె సారు వైపు తిరిగింది. "అవు సార్. నాకామె తోడు, ఆమెకు నేను తోడు. ఇద్దరం వచ్చినం."

సారు కూర్చున్నాడు. నెమ్మదిగా అడిగాడు, అర్థం కానివి కాగితం మీద రాసి చూపాడు. పావుగంట పట్టింది. చివర్లో, "వారంల ఫోన్ జేసి చెప్తం" అన్నాడు. అలవాటు కదా, తల ఊపి వచ్చేశాను.

రెండూ నలభైకి హన్మకొండ బస్సు. ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం, ఆమె కర్రలు నా కాళ్ల మీదుగా పెట్టుకున్నాం. పరకాల దాకా బొగ్గు లారీలు లెక్కపెడుతూ కూర్చున్నాను. చివరికి, "నీకు తోడొచ్చిన అని ఎందుకు చెప్పిన్నంటే" అని మొదలుపెట్టి ఆగిపోయాను.

"ఇడువు. నేను గూడ ఫోటో దిగేటప్పుడు కర్రలు పక్కకు దాస్త" అంది. ఆ మాటతో నా సిగ్గు తగ్గకపోగా ఇంకా పెరిగింది. "గది సరే గని, ఆయన ఫోన్ జేస్తే ఏం జేస్తవ్?"

నేను ఆ సంగతే ఆలోచించలేదు.

"సారుకు నా నంబర్ ఇయ్యి. నాకు చేస్తే నేను నీకు మెసేజ్ కొడ్త" అంది.

నా తర్వాత అక్కడికి పోయే విద్యార్థులకు చెప్పేది ఒక్కటే. ముందు వరుసలో కూర్చోండి, మీకేం ఇబ్బందో తలుపు దగ్గరే చెప్పండి. దారిలో నాకేం కష్టం కాలేదు. కష్టమంతా నేను చేతులారా తెచ్చుకున్నదే.

ఉత్తరం మీద సారు నంబరు ఉంది. బస్సులోనే ఫోన్ తీసి, "సార్, నాకు ఫోన్‌లో వినపడదు" అని మెసేజ్ కొట్టాను. చెరిపేశాను. మళ్లీ కొట్టాను. "దయచేసి ఈ నంబర్‌కు చేయండి. ఈమె పేరు" దాకా వచ్చి వేలు ఆగిపోయింది. పొద్దున ఆమె చెప్పే ఉంటుంది. నేను తల ఊపే ఉంటాను. నా రొట్టె తిని, నా అబద్ధం మోసి, నా పక్కనే కూర్చున్న మనిషి పేరు నాకు తెలియదు.

"నీ పేరు నాకు ఇనపడలే. మళ్లొకసారి చెప్పు" అన్నాను.

ఆమె పూర్తిగా నా వైపు తిరిగి చెప్పింది. పెదాల మీద పావని, భవాని ఒక్కలాగే ఉంటాయి. "పావనినా, భవానినా?" అని అడిగాను. ఆమె నా అరచేయి లాక్కుని వేలితో భ అని రాసింది.