రేడియేటర్‌కు పసుపు

మా పాత డీజిల్ కారు నంద్యాలలో బయలుదేరితే ఆళ్లగడ్డ చేరేలోపే కాగిపోయి పొగలు కక్కేది. నీళ్లు నిండుగానే ఉండేవి, ఫ్యాను బెల్టూ బిగువుగానే ఉండేది. ఆ రోజు దీని సంగతి తేల్చందే అన్నం ముట్టనని పంతం పట్టాను. ఇంజను నడుస్తుండగా రేడియేటర్ ముందు కాగితం పెట్టాను. ఫ్యాను లాగే గాలికి అది అతుక్కోవాలి. జారి కింద పడింది. వంగి చూస్తే సందులన్నీ పసుపుతో పూడుకుపోయి ఉన్నాయి. ప్రతి శుక్రవారం గడపతో పాటు రేడియేటర్‌కూ పూసేది మా అమ్మే.

"బండికి మొగం అదేగదప్పా! ఇంగ యాడ పుయ్యమంటావ్?" అని గయ్యిమంది.

"చక్రాలకు పుయ్యి. దీని జోలికి మాత్రం రావద్దు!" అని సందులన్నీ తోమి కడిగాను.

మర్నాడు అమ్మను ఎక్కించుకుని అహోబిలం దాకా పోయినా బండి కాగలేదు. దిగుతూనే అమ్మ అంది: "చూస్తివా? కాళ్లకు పసుపు పూస్తే ఎట్ల నడిచిందో!"