మాడు మీద కొడితే ముక్క బయటికి రాదు

నేను బీఎస్సీ నర్సింగ్ పాసయ్యానండీ! మా ఇంట్లో మొట్టమొదటి డిగ్రీ! రిజల్ట్ వచ్చేసరికి మా ఊరికి ఎంతో దూరంలో, గుడివాడ నించి బందరు వెళ్లే బస్సులో ఉన్నాను. అమ్మకి చెప్పి ఫోన్ పెట్టేశానో లేదో, ముందు సీట్లో ఎవరో తాతగారికి జంతిక ముక్క గొంతుకి అడ్డం పడింది. దగ్గూ రావట్లేదు, మాటా రావట్లేదు.

బస్సంతా డాక్టర్లే! ఆయన భార్య మాడు మీద కొడుతూ "ఎవరో తలుచుకుంటున్నారు" అంటోంది. "పెద్దల్లుడే అయ్యుంటాడు పిన్నిగారూ" అని వెనక సీటాయన తీర్మానం. ఇంకొకాయన నీళ్లు పట్టబోయాడు. ఊపిరాడని మనిషికి నీళ్లా? బుద్ధుండాలి!

ఆయన చేతిలో నీళ్ల సీసా లాగేసి, తాతగారిని ముందుకి వంచి, వీపు మీద రెండు భుజాల మధ్య అరచేత్తో ఐదుసార్లు గట్టిగా చరిచాను. రాలేదు. వెనకనించి చుట్టేసి, బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ గుంజాను.

"ఏమ్మాయ్, సిగ్గులేదూ! మగాణ్ణి అలా వాటేసుకుంటావా?" అని ఆవిడ నా జడ పట్టుకుంది. నేను వదల్లేదు. మళ్లీ గుంజితే ముక్క ఎగిరి కిటికీకి తగిలింది.

తాతగారు ఊపిరి పీల్చుకుని, "ఆ పిల్ల జడ వదలవే" అన్నారు.

ఆస్పత్రిలో ఓసారి చూపించండి అంటే ఆవిడ వింటేనా! ఫోన్ తీసి, "అల్లుడుగారూ, ఇందాక మీ మావయ్యగారిని తలుచుకున్నారా?" అని అడిగింది. తలుచుకున్నాడట! బస్సంతా గెలిచినట్టు నా వైపు చూసింది.

ఇంకా ఫోన్ చెయ్యాల్సింది నాన్నమ్మకి, పెద్దత్తకి, చినమావయ్యకి, నాతో చదివిన సుజాతకి. అదీ పాసైంది. అదీ మాడు మీదే కొడుతుంది.