వండూర్ దారిలో ఇత్తడి గ్లాసు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట. పోర్ట్‌బ్లెయిర్‌లో ఏ పాత బంగళా గురించి అడిగినా ఎవరో ఒకరు తెల్లదొర దయ్యం కథ ఎత్తుకునేవారు. "ఆ దొరకి ఇంకెక్కడా చోటు దొరకలేదా?" అని నవ్వేదాన్ని. ఇప్పటికీ నమ్మను. అయినా ఈ ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను.

మాది విశాఖపట్నం వైపు. పెళ్ళయిన కొత్తలో అండమాన్‌లో ఓడ దిగి, పోర్ట్‌బ్లెయిర్ డాలీగంజ్‌లో కాపురం పెట్టాం. మా ఆయన రోడ్లు, వంతెనల పనిలో ఇంజనీరు. అప్పట్లో ఉప్పు కాలువల మీద చాలావరకు చెక్క వంతెనలే. నీళ్ళలో ఉండే స్తంభాల్ని సముద్రపు పురుగు తొలిచేస్తుంది. పైకి నిక్షేపంలా ఉంటాయి, లోపల డొల్ల. చూస్తే తెలియదు.

అందుకని ఆయన మా ఇంట్లో ఇత్తడి గ్లాసు పట్టుకుపోయేవారు. నిండా నీళ్ళు పోసి వంతెన మీద పెట్టి, దుంగల లారీ దాటుతుంటే ఆ నీళ్ళనే చూసేవారు. ఒకసారి నాకూ చూపించారు. గట్టి వంతెనైతే నీళ్ళు గబగబా వణికి ఊరుకుంటాయి. దెబ్బతిన్నదైతే వణుకు నెమ్మదిగా, బరువుగా ఉంటుంది, ఎంతకీ ఆగదు. "వంతెనకి నాడి చూస్తున్నానే" అన్నారు. "కాపురానికి తెచ్చుకున్న గ్లాసుని వంతెనల పాలు చేశారు" అని సాధించేదాన్ని. ఎంత బాగుండేవో ఆ రోజులు!

ఇంకో అలవాటు కూడా ఉండేది. చెక్క వంతెన వచ్చిందంటే మమ్మల్ని బండి దింపి నడిపించేవారు. ఖాళీ బండి వెనకాల రావాలి. చూసినవాళ్ళు నవ్వుకునేవారు.

ఒక వానాకాలం జ్వరమొచ్చి ఆసుపత్రిలో పోయారు. చివర్లో స్పృహ లేదు. మా రూతు అప్పటికి చిన్నపిల్ల. నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువగా ఉండేది. నడిసముద్రంలో నన్నూ పిల్లనీ వదిలేసి, ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోతారా అని.

మరుసటేడు మా తెలుగు చర్చి పిల్లల్ని బస్సులో వండూర్ బీచికి తీసుకెళ్ళాం. పులిహోర గిన్నెలతోపాటు ఆ గ్లాసు కూడా బుట్టలో వేసుకున్నాను. దారిలో చెక్క వంతెనకి కాస్త ఇవతల ఇంజను వేడెక్కితే డ్రైవరు బస్సు ఆపి, నీళ్ళ బకెట్టు ఒక బండమీద పెట్టాడు. రూతు దాహమంటే నేను గ్లాసులో నీళ్ళు పోసి ఆ బకెట్టు పక్కనే పెట్టాను.

నీళ్ళు వణకడం మొదలుపెట్టాయి.

ఇంజను ఆపేసి ఉంది. రోడ్డు మీద ఇంకో బండి లేదు. భూకంపం అనుకున్నాను. మా దీవుల్లో ఏది కదిలినా ముందు అదే అనుకుంటాం, ఇళ్ళలోంచి బయటికొస్తాం, ఆగాక టీ పెట్టుకుంటాం. కానీ పక్కనున్న బకెట్టులో ఒక ఎండుటాకు తేలుతోంది. అది కదల్లేదు. గ్లాసులో నీళ్ళొక్కటే నెమ్మదిగా, బరువుగా, ఆగకుండా వణుకుతున్నాయి.

పిల్లలందర్నీ దించమన్నాను.

మాతో వచ్చిన మరియమ్మ పిన్ని గయ్‌మంది. "ఓలమ్మో, ఈ ఎండలో పిల్లల్ని నడిపిస్తావేటే? ఆయన పోయినా ఆయన సాదస్తం నిన్నొదల్లేదే!"

"అరే దీదీ, కల్ హీ లకడీ కా ట్రక్ గయా, కుఛ్ నహీ హోగా" అని డ్రైవరు నవ్వాడు. నిన్ననే దుంగల లారీ దాటిందట, ఏమీ కాదట.

"ఖాళీ బస్సు లేకే ఆవో భయ్యా, దర్వాజా తీసే ఉంచు. నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాను. నా మొహం చూసి, వెళ్ళి తలుపు బార్లా తెరిచిపెట్టాడు.

పిల్లలు పాటలు పాడుకుంటూ, నేను గ్లాసు పట్టుకుని వాళ్ళ వెనకే దాటేశాం. వెనకాల బస్సు బయల్దేరింది. సగానికి రాగానే ఫెళ్ళుమంది. వెనక చక్రాల కింద వంతెన కుంగిపోయి బస్సు కాలువలోకి ఒరిగింది. తెరిచున్న తలుపులోంచి డ్రైవరు ముందువైపు పలకల మీదకి దూకాడు. మోకాళ్ళు గీరుకుపోయాయంతే. పిన్ని నా చెయ్యి పట్టుకుని వలవలా ఏడ్చేసింది. నా చేతిలో గ్లాసు అలాగే ఉంది. సగం నీళ్ళు ఒలికిపోయాయి, మిగిలినవి రూతు తాగేసింది.

తరవాత ఆ వంతెన కింద విరిగిన స్తంభాన్ని పైకి లాగారు. లోపలంతా జల్లెడ. నీకెలా తెలిసిందని అడిగితే, మా ఆయన అలవాటండీ అని ఊరుకున్నాను.

రూతు పెద్దదై తండ్రి చదువే చదివింది. ఇప్పుడన్నీ కాంక్రీటు వంతెనలు. వాటికి చిన్న చిన్న యంత్రాలు అంటించి, వణుకుని కంప్యూటర్‌లో చూస్తుంది. "బలం తగ్గితే వణుకు నెమ్మదిస్తుందమ్మా, నాన్న చూసింది అదే" అంటుంది. కానీ ఆనాటి సంగతి ఎత్తితే మాత్రం, కాలువలోకి పోటు నీళ్ళు తన్నుకొచ్చి నేల అదిరుంటుందనో, దిగుల్లో నాకలా అనిపించిందనో ఏదో ఒకటి చెబుతుంది. "మరి బకెట్టు ఎందుకు కదల్లేదే?" అంటే మాట మార్చి కంప్యూటర్ ముందు కూర్చుంటుంది.

ఆయనే వచ్చారని అనను, నమ్మనని ముందే చెప్పానుగా. ఆ రోజు నుంచి మాత్రం నాకు ఆయన మీద కోపం లేదు.

మొన్న రూతు పనికి వెళ్తూ ఆ గ్లాసు సంచిలో పెట్టుకుంది. "ఇన్ని యంత్రాలుండగా అదెందుకే?" అన్నాను.

"నీళ్ళు తాగడానికమ్మా" అంది.

సంచిలో నీళ్ళ సీసా ఉంది. పనికెళ్తే అది ఎప్పుడూ సీసా ఎత్తే తాగుతుంది, గ్లాసు పట్టుకెళ్ళింది లేదు.