రెండు బస్సుల్లో రుమాలు, సంచి

మా ఆయన పోయిన మరుసటి ఏడు, నరసరావుపేట బస్టాండులో నేను రెండు బస్సుల్లో సీటు పట్టాను. ఎనభైల నాటి మాట. మాచర్ల బస్సు కిటికీలోంచి చేతిరుమాలు వేశాను. పక్కనే ఆగిన గుంటూరు బస్సులో సంచి పెట్టాను. మాచర్లలో అన్నయ్య ఉన్నాడు, వచ్చి తన ఇంట్లోనే ఉండిపొమ్మన్నాడు. గుంటూరులో నర్సు ట్రైనింగుకు రమ్మన్నారు. అడిగిన వాళ్లంతా తలో మాట చెప్పి నన్ను మరింత అయోమయంలో పడేశారు. రెండు బస్సుల మధ్య నిలబడిపోయాను.

మాచర్ల బస్సు కిటికీలోంచి ఒక పెద్దావిడ తల బయటపెట్టింది. ఆమె చేతిలో నా రుమాలు.

“ఏమ్మాయ్, ఈ గుడ్డ నీదేనా?”

“నాదే పెద్దమ్మా.”

“ఆ బస్సులో సంచి గూడా నువ్వే పెట్టావుగా, చూశాలే. ఒక్క మనిషివి, నీకు రెండు సీట్లేంది?”

“ఎటు పోవాలో తెలవటంలేదు.”

“నాకు మోకాళ్లు చానా నొప్పులు. నీకు తెలిసిందాకా నేను నిలబడాలా?”

రుమాలు మడిచి నా చేతిలో పెట్టి, ఆ సీట్లో కూర్చుంది. బస్సు కదిలింది. ఆమె నా వైపు మళ్లీ చూడలేదు. కాసేపటికి వెళ్లి నా సంచి పక్కన కూర్చున్నాను.

నర్సునయ్యాక చాలామంది నా ధైర్యాన్ని మెచ్చుకున్నారు. తలూపేదాన్ని. ఆమె నాకు దారి చూపిందో, తనకు చోటు చూసుకుందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మాచర్లకు గంటలో ఇంకో బస్సుందని మాత్రం నాకు ఆ రోజే తెలుసు.