గడి తివాచీ, అవ్వ బొంత

మా అత్తగారింట్లో నల్లులు అనే మాట పైకి అనకూడదు. "అవి" అనాలి. అవి ఉన్నయా, అవి కుట్టినయా అని అడగాలి. కరీంనగర్‌లో కోర్టుకు దగ్గరి ఇల్లు, నలుగురు వచ్చిపోయే ఇల్లు. మా మామ ఒక పెద్ద వకీలు దగ్గర గుమాస్తా. పల్లెల నుంచి కాగితాలు పట్టుకొని వచ్చేవాళ్లంతా పొద్దున్నే ముందు మా ఇంటికి వచ్చి, ఆయనతో మాట్లాడాకే కోర్టుకు పోయేవారు. అట్లాంటి ఇంట్లో నల్లులున్నాయని తెలిస్తే పరువు గంగలో కలుస్తుందని మా అత్త భయం. పరువు సంగతేమో గాని, నల్లులకు మాత్రం ఆ ఇల్లు బాగా నచ్చింది.

నేను ఆదిలాబాద్ నుంచి ఆ ఇంటికి కోడలుగా వచ్చింది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో. మా బాపు నా చిన్నప్పుడే పోయాడు. మా అవ్వ, అంటే మా అమ్మ, జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పనికి పోయి నన్ను పెంచింది. పెళ్లికి ఆమె నాకు ఇచ్చినవాటిలో ఆమె చేతితో చేసింది ఒక్కటే, బొంత. తన పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి, ఒక చలికాలమంతా కూర్చొని కుట్టింది. కుట్టు ఎంత దగ్గరగా ఉండేదంటే నడుమ గోరు కూడా దూరేది కాదు. అందులోని ప్రతి చీరనూ ఆమె ఒంటిమీద చూసినదాన్ని కాబట్టి, కొత్త ఇంట్లో అది కప్పుకుంటేనే నాకు నిద్ర పట్టేది.

నా పెళ్లికే ఆ ఇంట్లో తివాచీ కూడా పరిచారు. పోలీస్ యాక్షన్‌తో చితికిన ఎవరో దొర, నా పెళ్లికి కొన్ని నెలల ముందు కోటలాంటి తన గడి ఖాళీ చేసి, సామానంతా అమ్ముకొని పట్నం పోతుంటే మా మామ దాన్ని కొన్నాడు. ఎర్రటి ఉన్ని, అంచంతా తీగలు, అడుగున ముతక గోనెగుడ్డ వేసి కుట్టి ఉండేది. కొన్న నాటి నుంచి పెళ్లి దాకా దాన్ని చుట్టి అటక మీద పెట్టారు. పెళ్లి పేరుతో దించి వీధివైపు గదిలో పరిచారు. అప్పటి నుంచి ఆ గదిని మా మామ దివాన్‌ఖానా అనడం మొదలుపెట్టాడు. గది మాత్రం అంతకుముందు ఎంత ఉండేదో అంతే ఉండేది.

నేను అడుగుపెట్టిన నెలలోనే నల్లులు కుట్టడం మొదలైంది. మా అత్తకు లెక్క తేలిపోయింది. నేను వచ్చిన రోజు చుట్టుపక్కల ఆడవాళ్లకు చూపించడానికి నా పెట్టె తెరిచి, బొంతను ఆ తివాచీ మీదే పరిచారు. ఆదిలాబాద్ అవతలి ఊరు, మా అవ్వ మిల్లులో కూలి, బొంతేమో పాత చీరలది. ఇంకేం కావాలి?

"నేను ఒక్క మాట ఎక్వ అంటలేను పిల్లా. జరిగిందే అంటున్న. నువ్వచ్చినంకనే అవి వచ్చినయి" అనేది.

"నా బొంతల ఒక్కటి సూపియ్యి అత్తమ్మా" అన్నాను ఒకసారి. ఎదురు చెప్పానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు అప్పుడు కోపం ముక్కు మీద ఉండేది. ఇప్పుడూ ఉంది, కాని ఇప్పుడు ఇంట్లో నాకు అత్త లేదు.

చిన్నచిన్న మందులు చాలా చేశారు. సీతాఫలం గింజలు దంచి పొడి చల్లారు, మూలమూలకు వేపాకు పెట్టారు. మలేరియా మందు కొట్టేవాళ్లు వస్తే, గోడలన్నిటికీ కొట్టనిచ్చింది గాని తివాచీ పాడవుతుందని దివాన్‌ఖానా గడప దాటనీయలేదు మా అత్త. నల్లులు గోడ ఎక్కకుండా తివాచీ కింద హాయిగా కాలం గడిపాయి.

ఇట్లా ఉండగా ఒక పొద్దున మా మామ పనిచేసే వకీలే స్వయంగా వచ్చి, ఆ తివాచీ మీద బాసింపట్టు వేసి కూర్చున్నాడు. చాయ్ సగం కూడా తాగలేదు, తొడ గోక్కుంటూ లేచి నిలబడ్డాడు. కప్పు కింద పెట్టి, చెప్పులు తొడుక్కొని పోయాడు. మా మామకు తల కొట్టేసినట్టయింది. వారం తిరగకముందే తివాచీ బదులు పరవడానికి ఓరుగల్లు నుంచి కొత్త నూలు షత్రంజీ తెప్పించాడు, నీలం చారలది.

నల్లులున్న తివాచీని తీయాలంటే, ఉన్నచోటే చుట్టి, గట్టిగా కట్టి, దగ్గరి గుమ్మం నుంచి బయటికి పంపాలి. దివాన్‌ఖానాకు వీధి గుమ్మం రెండడుగుల దూరం. కాని పట్టపగలు వీధిలోకి తివాచీ పోతే, ఎందుకు తీశారని ఎదురింటివాళ్లు అడగరా? అందుకని మా అత్త దాన్ని ఇంట్లో నుంచే పెరట్లోకి పట్టించింది. చుడితే నలుగుతుందని నలుగురు నాలుగు మూలలు పట్టి, పరిచినది పరిచినట్టే ఎత్తి, నడిమింట్లో నుంచి, మేం పడుకునే గదుల ముందు నుంచి, వంటింటి వసారా మీదుగా మోశారు. పెళ్లి ఊరేగింపు కూడా అన్ని గడపలు తొక్కదు.

పెరట్లో నులక మంచాలన్నీ వరసగా వేసి వాటి మీద తివాచీని పరిచి ఎండబెట్టింది. మా ఇళ్లలో ఏది ఎండబెట్టినా మంచాల మీదే కదా, వడియాలైనా పరుపులైనా. నడి ఎండాకాలం, తివాచీ పైన చెయ్యి పెడితే కాలింది. కింద మాత్రం మంచాల నీడ చల్లగా ఉంది. ఒక్క కుంటి మంచం మీద వేయలేదు. దానికి ఒక కోడు పొట్టి, బరువు పడితే ఒరిగిపోతుంది. దాన్ని మూలకు నిలబెట్టారు. సాయంత్రం తివాచీని దులిపి, చుట్టి మళ్లీ అటకెక్కించారు. గడి వస్తువు, పారేస్తే లక్ష్మిని పారేసినట్టు అంది మా అత్త. గదిలో బండల సందులు కూడా చూడకుండా కొత్త షత్రంజీ పరిచేశారు.

ఆ వారమే ఇంటిల్లిపాదినీ నల్లులు తినడం మొదలుపెట్టాయి. ఇదివరకు దివాన్‌ఖానాలోనే కుట్టేవి, ఇప్పుడు ఆరుబయట మంచాల మీద పడుకున్నవాళ్లను కూడా వదల్లేదు. మా అత్త వాదం ఇంకా గట్టిపడింది. తివాచీ మార్చినా పోలేదంటే తప్పు తివాచీది కాదు. మరి మిగిలింది ఏమిటి? బొంత. నన్ను దూరంగా పడుకొమ్మని ఆ కుంటి మంచం నాకు వేసింది. దాని కోడు కింద పెంకు పెట్టుకొని, బొంత పరుచుకొని పడుకున్నాను. విచిత్రం ఏమిటంటే ఇంటికి నల్లులు తెచ్చిన నన్ను ఒక్క నల్లీ కుట్టలేదు.

ఆ సంగతి ఎత్తిచూపితే మా అత్త తడుముకోలేదు. "పుట్టింటి అవి గదనే! ఆడివిల్లను కుడ్తయా?" అంది. ఆ మాటకు నాకు నవ్వు ఆగలేదు. నవ్వడమే నా నేరమైంది.

"గా బొంత ఈ ఇంట్ల ఉండద్దు. యాడికెల్లి వచ్చిందో ఆడికే పోనీ" అని తేల్చేసింది.

కాల్చెయ్యమన్నా నేను ఓర్చుకునేదాన్నేమో. తల్లి ఇచ్చినదాన్ని తల్లికే తిప్పి పంపడమంటే మా వైపు మొహాన కొట్టినట్టు. అందులోనూ నల్లులున్నాయని. మా అవ్వ కూలి చేసింది గాని ఎవరి ముందూ తల వంచి ఎరగదు. ఇల్లు అలికితే వేలి ముద్రలు కూడా ఒకే వరసలో ఉండాలనేది. ఆమె చెవిన ఈ మాట పడుతుందంటే నాకు అన్నం సహించలేదు. నేను అప్పటికి కడుపుతో ఉన్నాను. మా ఆయన కాళ్లావేళ్లా పడ్డాను.

"జర ఓర్సుకో. మా అవ్వనే మర్సిపోతది" అన్నాడు.

మరిచిపోలేదు. బొంతను మడిచి, వేపాకులు కుక్కి, గోనెసంచిలో పెట్టి నోరు కుట్టి, ఆయన చేతనే ఆదిలాబాద్ బస్సు మీద వేయించింది. పోయి వచ్చాక మా అవ్వ ఏమన్నదని అడిగాను. "ఏమనలే. ఎండాకాలం గదా, అక్కర లేదని పంపినమని చెప్పిన" అన్నాడు. మరి సంచి ఎక్కడ పెట్టావంటే, గడప బయట పెట్టానన్నాడు. వేపాకు వాసన వేస్తున్న సంచిని అల్లుడు గడప లోపలికి తేకపోతే, ఎండాకాలమని నమ్మడానికి మా అవ్వ పిచ్చిదా? నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

బొంత పోయింది. నల్లులు పోలేదు.

చివరికి ఆ చిక్కు విప్పింది మా మామ. ఆయన నోరున్న మనిషి కాదు గాని, ఏళ్ల తరబడి కోర్టులో సాక్షుల గవాయిలు విన్నాడు. ఒక పొద్దున తన మంచం నులక సడలించి, కోళ్ల సందుల్లో సలసల కాగే నీళ్లు పోశాడు. నల్లులు బిలబిలమంటూ రాలాయి. ఇంకో మంచానికి పోశాడు, అదీ అంతే. నా కుంటి మంచానికి పోశాడు, నీళ్లు తేటగా కారిపోయాయి. మా అత్తను పిలిచాడు.

"ఏమే, గా తివాచీ ఏ మంచాల మీద ఎండేసినవ్?"

"అన్నిట్ల మీద."

"కుంటిదాని మీద?"

"గది నిలవడ్తదా? ఎట్లేస్త?" అంటూనే ఆగిపోయింది.

ఆయన నిచ్చెన వేసి అటకెక్కాడు. ఈసారి తివాచీని పాత దుప్పట్లో మూట కట్టి, వీధి గుమ్మం నుంచే, అందరూ చూస్తుండగానే బయటికి తీయించాడు. ఊరవతల బీడులో అడుగు గోనెగుడ్డ కుట్లు కోసి చూస్తే, కుట్టు పొడుగునా నల్లగా పేరుకొని ఉన్నాయట. గ్యాసునూనె పోసి కాల్చేసి వచ్చాడు.

ఆ తర్వాత పని పద్ధతిగా జరిగింది. షత్రంజీని ఇంటికి దూరంగా బండ మీద వేసి, అటూ ఇటూ తిప్పుతూ ఎండబెట్టారు. నులకంతా విప్పి మరిగించారు, మంచం కోళ్లను గ్యాసునూనె కలిపిన నీళ్ల డబ్బాల్లో నిలబెట్టారు. దివాన్‌ఖానా బండల సందులన్నీ వేన్నీళ్లతో కడిగి సున్నంతో పూడ్చారు. పది రోజులకొకసారి మళ్లీ వేన్నీళ్లు పోయడం మా మామ తానే చూసుకున్నాడు, గుడ్లు మిగులుతాయని. వానలు పడేనాటికి ఇల్లు తేరుకుంది. షత్రంజీ మళ్లీ పరిచారు.

మా అత్త తప్పయిందని అనలేదు. అనే మనిషి కాదు. నేను కాన్పుకు పోయే రోజు మాత్రం నా మూటలో అప్పాలు సర్దుతూ, నా మొహం చూడకుండా అంది.

"వచ్చేటప్పుడు గా బొంత పట్టుకరా. పిలగానికి మెత్తగుంటది."

నేను సంతోషపడ్డాను, దాచుకోవడం దేనికి? బస్సులో దారంతా ఆ మాటనే మా అవ్వకు ఎట్లా చెప్పాలా అని అనుకుంటూ పోయాను. మా అత్తే అడిగింది అవ్వా, పట్టుకరమ్మన్నది, అని చెప్పాలనుకున్నాను.

నేను పోయేసరికి అవ్వ వాకిట్లో కూర్చొని కుడుతోంది. పక్కన చిన్నచిన్న బొంతలు మడతపెట్టి ఉన్నాయి, పసిపిల్లలకు పరిచేవి. ఆ గుడ్డలు నేను గుర్తుపట్టాను.

"బొంత ఏది అవ్వా?" అన్నాను.

"ఇప్పిన బిడ్డా" అంది. "మీ ఆయన పోంగనే ఇప్పిన. కుట్టు కుట్టు ఇప్పి, పొర పొర ఎండల పెట్టి సూసిన. ఒక్క నల్లి దొర్కలే."

నేను నోరు తెరిచేలోగా మళ్లీ తనే అంది. "దొర్కితే మంచిగుండు అనుకున్న. తప్పు నాదే అని ఒప్పుకుంటే ఒడుస్తుండె. నీకు ఆడ మాట పడుడు తప్పుతుండె."

అప్పుడు చెప్పాను అంతా. నల్లులు గడి తివాచీలోవని, దాన్ని కాల్చేశారని, బొంతలో ఎప్పుడూ ఏమీ లేదని మా మామే తేల్చాడని, మా అత్త బొంతను తిరిగి తెమ్మన్నదని. అవ్వ మొత్తం విన్నది. "అట్లనా" అంది. తర్వాత చేతిలో ఉన్న చీర ముక్కను ఎండకెదురుగా పట్టి, దాని అంచు మళ్లీ ఒకసారి వెతికి చూసింది.