చివరి భాగం చూడని మా వదిన

పోయిన నెలలో ఒక ఉదయం నేను దేవుడి దగ్గర దీపం పెట్టి వత్తి సరిచేస్తూ ఉండగా కుప్పం నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తా, అమ్మ పోయింది" అని ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీదుకుని, "నిన్న గూడా ఆ యువరాజు సంగతే అడిగిందత్తా, బతుకుతాడంటావా అని" అంది.

చదివేవాళ్ళు వేరుగా అనుకోవద్దు. మా వదినకు, అంటే మా ఆయన అక్కకు, డెబ్బై దగ్గర పడింది. పుంగనూరులో చౌడేపల్లె రోడ్డు పక్కన ఆవులు పెట్టుకుని డెయిరీకి పాలు పోసే మనిషి. ఆ యువరాజేమో కొరియా దేశం వాడు, వందల ఏళ్ళ కిందటి వాడు. ఉండేది ఫోనులో.

ఆ ఫోను మేనకోడలు ఇచ్చిందే. తల్లి ఒక్కతే ఉంటుందని, తెలుగులో మాట్లాడే కొరియా సీరియళ్ళు పెట్టుకోవడం నేర్పించి పోయింది. వదినకు అందులోనూ ఈ కాలం కథలు పట్టేవి కావు. "ప్యాంట్లేసుకుని కాఫీలు తాగేటోళ్ళను సూడాలంటే మదనపల్లెకు బస్సెక్కితే సాలదా" అనేది. ఆమెకు కోటలు కావాలి, పల్లకీలు కావాలి, నేలదాకా జారే పట్టుబట్టలు కావాలి. పాలు పితికి, క్యాన్లు ఆటోకెక్కించి, చేతులు కడుక్కుని, చెంబుకు ఫోను ఆనించి కూర్చునేది. ఆ సమయంలో ఇంటికి ఎవరు వచ్చినా ముందు వేలు పెదాల మీద పెట్టి, ఆ తర్వాతే చాప చూపించేది.

నేను మదనపల్లెలో ఉంటాను. నాకు పూజ, వంట, గుడి తప్ప సీరియళ్ళ అలవాటు లేదు. మొదటిసారి ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నప్పుడు కళ్ళు దించుకుని పూలమాల కట్టుకుంటూ ఉన్నాను. ఉన్నట్టుండి వదిన నా మోచెయ్యి పొడిచింది.

"సూడు మే, వాళ్ళు గూడా పెద్దలకు పెట్టుకుంటాండారు."

తలెత్తి చూశాను. నిజమే. పీట మీద పండ్లు, అన్నం, చేపలు వరసగా పెట్టి, రాజు మొదలుకొని అందరూ నేలకు తల ఆనించి పోయినవాళ్ళకు మొక్కుతున్నారు. మన మహాలయ అమావాస్యే అనిపించింది. "పెద్దలకు పెట్టుకునేటోళ్ళు సెడ్డోళ్ళు ఎట్లయితారు?" అంది వదిన. నేను మాల పక్కన పెట్టాను. ఆ తర్వాత పుంగనూరు పోయిన ప్రతిసారీ చూశాను. ఇంట్లో కూడా చూడడం మొదలుపెట్టాను. అంత మర్యాదైన ప్రేమకథ నేనెక్కడా చూడలేదు. యువరాజు తను మనసుపడిన పిల్లకు వానలో గొడుగు పడతాడు గానీ చెయ్యి పట్టుకోవడానికి ఎన్నో వారాలు తీసుకుంటాడు. పట్టుకున్న రోజు వదిన ఆవులకు ఒక దోసెడు తవుడు ఎక్కువ వేసింది.

మా ఆయన ఊరుకునేవారు కాదు. "అక్కా, అందరూ ఒగే మాదిరుండారే, ఎవురు యువరాజో నీకెట్ల తెలుస్తాది?"

"నీ పెండ్లి ఫోటోలో మన వంశమంతా అదే ముక్కుతో నిలబడుండాది. నేను నిన్ను గుర్తుపట్టలేదారా?"

ఒకసారి నేనే అడిగాను, అంతగా ఏముంది వదినా ఇందులో అని. ఆమె గడ్డి మోపు విప్పి, ఆవుల ముందు వేసి వచ్చి, "మీ అన్న, అదే పోయిన మా ఇంటాయన, మంచోడే. నన్నొక మాట అనలేదు, ఒక దెబ్బ కొట్టలేదు. అయితే ఉన్నన్నాళ్ళూ తిన్నావా అని ఒక్కనాడు గూడా అడగలేదు మే. ఈ పిల్లోడు కత్తి పట్టుకుని యుద్ధానికి పోతా గూడా ఆయమ్మిని అడుగుతాడు" అంది.

వాళ్ళ పొట్టి ఆవు కోడెదూడను ఈనితే దానికి యువరాజు అని పేరు పెట్టింది. కోడెదూడ కదా అమ్మేయమని అందరూ చెప్పారు. "యువరాజును సంతలో అమ్ముతారా ఎవురన్నా" అని కొట్టంలోనే ఉంచుకుంది.

ఒక సోమవారం నన్ను శివాలయానికి వెంటబెట్టుకుని పోయింది. కొబ్బరికాయ తట్ట పూజారికిచ్చి, "అర్చన చెయ్యండి సామీ, యువరాజు పేరుమీద" అంది. నేనది దూడ ఆరోగ్యానికి అనుకున్నాను.

"గోత్రం?"

"తెల్దు సామీ."

"తెలియకపోతే కాశ్యప గోత్రం అనుకుందాం. మనవడా తల్లీ?"

"అట్లాంటోడే. పాపం, వాళ్ళమ్మకు విషం పెట్టినారు. ఇప్పుడు ఈడి ఎంటబడినారు."

పూజారి చేతిలో తట్ట ఆగిపోయింది. "పోలీసులకు చెప్పినారా తల్లీ?"

"ఎవురికి సెప్పేది సామీ? పెట్టించింది మంత్రే గదా."

పూజారి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, చాలా శ్రద్ధగా అర్చన చేశారు. దక్షిణ కూడా వద్దన్నారు. బయటికి వచ్చాక నేను మెల్లగా, "వదినా, అది ఎప్పుడో షూటింగ్ అయిపోయిన కథ కదా. ఇప్పుడు అర్చన చేస్తే మారుతుందా?" అన్నాను. ఆమె విభూతి నుదుటికి రాసుకుంటూ, "దేవునికి ముందూ ఎనకా ఉంటాదా మే?" అంది. నేను కూడా కాస్త విభూతి తీసి నుదుటికి రాసుకున్నాను.

ఆమెకున్న వింత అలవాటు ఒకటి చెప్పాలి. ఏ కథకూ చివరి భాగం తనంతట తాను చూసేది కాదు. మొదట చూసిన కథలో యువరాజు ప్రేమించిన పిల్ల మంచులో యువరాజు ఒళ్ళో తల పెట్టి ప్రాణం విడిచింది. ఆ రోజు వదిన అన్నం ముట్టలేదు. ఆవులు కూడా పాలు తగ్గించాయని చెప్పేది. అప్పటినుంచి ఆ పని నాకు పడింది. నేను ముందు చూసి ఫోన్ చెయ్యాలి. ఫోన్ ఎత్తగానే, "బతికుండాడా?" అనేది.

"అదేం జరిగిందంటే వదినా, కోటలో..."

"కోట సంగతి నేను సూసుకుంటా. అదొక్కటి సెప్పు."

నాకు అబద్ధం చెప్పడం రాదని ఆమెకు తెలుసు. అందుకే ఆ పని మేనకోడలికి ఇవ్వకుండా నాకిచ్చింది. ముగింపు మంచిదైతే, బతికుండాడు వదినా అనేదాన్ని. కాకపోతే, ఇంకొక కథ మొదలుపెడదాం వదినా అనేదాన్ని. ఆమె నిట్టూర్చి, "అట్లయితే నా లెక్కలో వాళ్ళిద్దురూ నేను సూసి ఆపిన కాడ, ఆ వంతెన మీదే నిలబడుకోనుండారు, పో" అని ఫోన్ పెట్టేసేది.

ఈమధ్య మేమిద్దరం చూస్తున్నది ఆ అర్చన చేయించిన యువరాజు కథే, వారానికి ఒక భాగం వచ్చేది. సగంలో ఉండగా వదినకు ఒళ్ళు బాగలేక కూతురు కుప్పం తీసుకుపోయింది. ఆసుపత్రిలో చూపించి, ఇంట్లోనే పెట్టుకుంది. ఆమె పోయిన వారం వచ్చిన భాగం, యువరాజు విషపు గిన్నె నోటిదాకా ఎత్తిన చోట ఆగింది. చివరి భాగం ఇంకా రానేలేదు. వదిన ఆగలేకపోయింది.

దినాల రోజు పుంగనూరు దగ్గర వాళ్ళ చేనిలో, సమాధి ముందు ఆకు వేసి ఆమెకు ఇష్టమైనవన్నీ వడ్డించాము. సంకటి, అనపగింజల పులుసు, వడలు, పాయసం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందని లెక్క. కాకి వచ్చింది గానీ పంపుసెట్టు గది మీద కూర్చుని కిందికి దిగలేదు.

మా ఆయన చేతులు జోడించి, "అక్కా, ఆవుల్ని అమ్మం" అన్నారు. కాకి కదలలేదు. "యువరాజును గూడా అమ్మం" అన్నారు. కాకి రెక్క కింద ముక్కుతో గోక్కుంది. మేనకోడలు, "అమ్మా, నీ గొలుసు నా బిడ్డకే ఏస్తా" అని ఏడ్చింది. పెద్దపంజాణి నుంచి వచ్చిన, వరసకు మా ఆయనకు పెదనాన్న అయ్యే ముసలాయన, "ఏం కావాలో అడగండప్పా, పొద్దెక్కతాండాది" అని విసుక్కున్నారు. కాకి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి, చివరికి నా మీద చూపు నిలిపింది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. చివరి భాగం ఆ మైల రోజుల్లోనే వచ్చింది. మైలలో చూడకూడదని నేను ముట్టలేదు. మేనకోడలి చెవిలో చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుని ఫోను తీసింది.

"సచ్చిపోయుంటే ఏం చేస్తావు?" అని మా ఆయన మెల్లగా అడిగారు. "బతికినాడని సెప్పేయ్. కాకికేం తెలుస్తాది?"

"కాకికి తెలియకపోవచ్చు. ఆమెకు తెలుస్తుంది" అన్నాను. ఆ యువరాజు చస్తే ఆ ఆకు ముందు నిలబడి, ఇంకొక కథ మొదలుపెడదాం వదినా అని నేనెట్లా అనేది?

సిగ్నల్ పంపుసెట్టు గది గోడ దగ్గరే అందింది. అందరం అక్కడికే చేరాము. మేనకోడలు కథను ముందుకు జరపబోతే పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టారు. "ఉరికించద్దు పాపా, అర్థం కాదు. ఆ గడ్డమాయన ఎవురు?"

"మంత్రి తాతా. విషం పెట్టించింది ఆయనే."

"మొగం సూస్తానే తెలుస్తాండాది."

దినం చేయించే అయ్యవారు వేళ దాటిపోతోందని రెండుసార్లు అన్నారు. మూడోసారి అనడానికి వచ్చి మా వెనక నిలబడిపోయారు. చేనంతా కొరియా పాట వినపడుతోంది. తెర మీద యువరాజు గిన్నె తాగాడు, పడిపోయాడు. పెదనాన్న "అయ్యో" అన్నారు. నేను కళ్ళు మూసుకుని శివుణ్ణి తలుచుకున్నాను. ముందూ వెనకా లేనివాడివి కదా తండ్రీ అనుకున్నాను.

మా ఆయన నా భుజం తట్టారు. "సూడు."

అతను ప్రేమించిన పిల్ల ముందే గిన్నె మార్చేసింది, అతను తాగింది మత్తుమందే. సింహాసనం వదిలేసి ఇద్దరూ సముద్రం పక్కన ఒక పల్లెలో ఉన్నారు. అతను మాసిన బట్టలతో చేపల బుట్ట దించి, వాకిట్లో ఉన్న ఆమెను ఒక మాట అడిగాడు. అది విని మేనకోడలు మళ్ళీ ఏడ్చింది.

నేను ఆకు ముందుకు పోయి చేతులు జోడించాను. "బతికుండాడు వదినా."

కాకి గది మీదినుంచి దిగి ఆకుకు నాలుగడుగుల దూరంలో నిలబడింది. మెడ వంచి చూసింది. ముట్టలేదు. ఇంకేం చెప్పాలో నాకు అప్పుడు తెలిసింది.

"తిన్నావా అని అడిగినాడు వదినా."

కాకి ఆకు మీదికి దూకింది. సంకటి పొడిచింది, పులుసులో ముక్కు ముంచింది. తర్వాత ఒక వడ నోట కరుచుకుని పంపుసెట్టు గది మీదికి ఎగిరి కూర్చుంది. కింద గోడకు ఆనించిన ఫోనులో ఆ ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచిపోతున్నారు, పాట ఇంకా వస్తోంది. దాన్ని ఆపడానికి ఎవరూ చెయ్యి చాపలేదు. కాకి వడ తింటూ, మధ్యమధ్య మెడ వంచి కిందికి చూస్తోంది.